మారే వాతావరణం – మనం సర్దుకోవలసిన బట్టలు

(పూర్వ విద్యార్థి, పీజీ భూగోళశాస్త్రం, రెండవ సంవత్సరం)

మన హాస్టల్ నోటీసు బోర్డు మీద ప్రతి సంవత్సరం ఒకటి రెండు దూరప్రయాణాల కాగితాలు అంటిస్తారు. ఎన్.ఎస్.ఎస్. క్యాంపు, యూనివర్సిటీ ఆటల పోటీలు, కాలేజీ వాళ్ళ విజ్ఞాన యాత్ర, ఢిల్లీలోనో మరొకచోటనో ఇంటర్వ్యూ. మొదటిరోజు పేర్లు బాగానే పడతాయి. నాలుగు రోజులు గడిచేసరికి వాటిలో మూడు నాలుగు పేర్ల మీద గీత పడుతుంది. ఎందుకురా అని అడిగితే "ఇంటికాడ పనుందన్నా" అంటారు. చార్జీలు కాలేజీ వాళ్ళు పెట్టుకున్నా, భోజనం వాళ్ళే పెట్టినా ఆ గీత పడుతూనే ఉంటుంది. ఇంటర్ నుండి డిగ్రీ దాకా అయిదేళ్ళు ఈ హాస్టల్లో ఉన్నవాణ్ని కనుక ఆ 'పని' ఏమిటో నాకు తెలుసు. స్వెట్టర్ లేదు. బూట్లు లేవు. పట్టుకుపోవడానికి బ్యాగు లేదు. చలి ప్రదేశం అనగానే సినిమాలో హీరో వేసుకునే లావుపాటి జాకెట్ కళ్ళముందు నిలబడుతుంది. అది మన దగ్గర లేదు, కాబట్టి ఆ ఊరు మనకు కాదు అనుకుంటాం.

తమ్ముళ్ళూ, ఈ వ్యాసం ఆ గీత గురించే. తరగతిలో మనకు చెప్పిన భూగోళశాస్త్రం, భౌతికశాస్త్రం నుండి నాలుగు విషయాలు తీసుకొని బట్టల సంచికి అన్వయించి చూడండి. వాతావరణం గంటగంటకూ మారే చోట ఆ ఒక్క లావు జాకెట్ అంత మంచి తోడు కాదని తేలుతుంది. మన ట్రంకు పెట్టెలో ఉన్న పల్చటి బట్టలే, వరుస తెలిసి వేసుకుంటే, చాలావరకు పని నడుపుతాయి. కొనవలసినవి రెండో మూడో ఉంటాయి.

ఉదాహరణగా సిమ్లాను తీసుకుంటాను. నిరుడు ఏప్రిల్‌లో మా డిపార్ట్‌మెంట్ విజ్ఞాన యాత్రకు అక్కడికే వెళ్ళాం. ఎత్తును బట్టి, ఎండను బట్టి వాతావరణం ఎలా మారుతుందో చూడాలంటే అది మంచి ఊరు.

దారిలోనే మారే వాతావరణం

హైదరాబాదులో ఉదయం తెలంగాణ ఎక్స్‌ప్రెస్ (రాష్ట్ర విభజనకు ముందు దీన్నే ఏపీ ఎక్స్‌ప్రెస్ అనేవారు) ఎక్కితే మరునాటి ఉదయానికి ఢిల్లీ. ఏప్రిల్‌లో మన దగ్గర పగలు సుమారు 38 డిగ్రీలు ఉంటుంది. నాగపూర్ దగ్గర అంతకంటే ఎక్కువ. స్లీపర్ బోగీలో పై బెర్తు మీద పడుకుంటే బనియన్ కూడా బరువే. ఢిల్లీలో పగలు 36 డిగ్రీల దరిదాపు. అక్కడినుండి రాత్రి రైలుకు తెల్లవారుజామున కాల్కా. కాల్కాలో దిగగానే మొదటిసారి చేతులు వాటంతటవే చంకల్లోకి పోతాయి.

కాల్కా స్టేషన్ సముద్రమట్టానికి 656 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడినుండి 1903లో మొదలైన చిన్న రైలు 96 కిలోమీటర్లు కొండలెక్కి, 2,076 మీటర్ల ఎత్తున ఉన్న సిమ్లా స్టేషన్‌కు చేరుతుంది. దారిలో వందకు పైగా సొరంగాలున్నాయి. వాటిలో 33వ నంబరుది, బరోగ్ సొరంగం, 1,143 మీటర్ల పొడవు. ఈ రైలుమార్గాన్ని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదంతా చూడదగిందే గానీ మన విషయం బట్టలు కనుక లెక్క ఒకటి చేద్దాం. ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందని మనం చదువుకున్నాం. 2,076 లోంచి 656 తీసేస్తే 1,420 మీటర్లు. 1.42ను 6.5తో గుణిస్తే 9.23. అంటే ఎండ, మబ్బు, గాలి ఏవీ మారకపోయినా, కేవలం ఎత్తువల్లనే అయిదారు గంటల్లో తొమ్మిది డిగ్రీలు దిగిపోతాం. పరీక్షలో రెండు మార్కులకు రాసిన ఆ సూత్రం బరోగ్ సొరంగంలో కిటికీ పక్కన కూర్చున్నవాడి చెవులకు బాగా అర్థమవుతుంది.

సిమ్లాలో ఏప్రిల్‌లో పగలు సుమారు 20 డిగ్రీలు, రాత్రి 11 డిగ్రీల దరిదాపు ఉంటుంది. 15 కిలోమీటర్ల దూరంలోని కుఫ్రీకి పోతే ఇంకో అయిదారు వందల మీటర్లు పైకి, అంటే ఇంకో మూడు డిగ్రీలు కిందికి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాతావరణ సమాచారం చూసేటప్పుడు మనవాళ్ళు ఎక్కువగా సగటు చూస్తారు. 15 డిగ్రీలు అని ఉంటే ఒక మాదిరి స్వెట్టర్ చాలనుకుంటారు. సగటు లెక్కల పుస్తకంలో ఉంటుంది గానీ ఒంటికి తగలదు. తగిలేవి కనిష్ఠం, గరిష్ఠం, వాన, గాలి. ఈ నాలుగూ కాగితం మీద రాసుకోవాలి. భారత వాతావరణ శాఖ వారి 'మౌసం' యాప్‌లో వచ్చే కొద్ది రోజుల సూచన ఊరివారీగా ఉంటుంది. బయలుదేరే ముందురోజు ఎవరి ఫోన్‌లోనైనా ఒకసారి చూసుకుంటే చాలు.

ఒక్కరోజులో ఎందుకు మారుతుంది?

మన దగ్గర ఎండాకాలంలో నీడకు పోతే కొంచెం హాయి. అక్కడ నీడకు పోతే వణుకు. ఎత్తైన చోట గాలి పల్చగా ఉంటుంది, అందులో తేమ, దుమ్ము తక్కువ. కాబట్టి ఎండ నేరుగా, గట్టిగా తగులుతుంది. పొద్దు మళ్ళగానే ఆ వేడిని పట్టి ఉంచే తేమ గాలిలో లేదు కనుక నేల త్వరగా చల్లబడుతుంది. దక్షిణం వైపు వాలున్న వీధిలో చొక్కాతో తిరిగినవాళ్ళమే, మలుపు తిరిగి ఉత్తరం వైపు వాలులోకి పోగానే స్వెట్టర్ కోసం వెతుక్కున్నాం. రెండు వీధుల మధ్య దూరం మన హాస్టల్ గేటు నుండి వంటశాల దాకా ఉన్నంత.

రెండో కారణం పశ్చిమ అలజడులు. మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టి తూర్పుకు ప్రయాణించే ఈ వాయు వ్యవస్థలు చలికాలంలో, దాని తర్వాత వసంతంలో వాయవ్య భారతానికి వాన, మంచు తెస్తాయి. మన వానలన్నీ జూన్ తర్వాత నైరుతి నుండి వస్తాయి కాబట్టి ఏప్రిల్‌లో వాన అంటే మనకు గాలిదుమారం, నాలుగు చినుకులు, రాలిన మామిడికాయలు. అక్కడ పొద్దున నీలం ఆకాశం, మధ్యాహ్నం రెండింటికి నల్లమబ్బు, రెండున్నరకు వడగళ్ళు.

మా మూడోరోజు అలాగే జరిగింది. పొద్దున్నే మంచి ఎండ. రిడ్జ్ అనే మైదానానికి వెళ్ళాం. భూగోళశాస్త్రం వాళ్ళకు అది పుణ్యక్షేత్రం లాంటిది. ఆ గట్టుకు ఒక వైపు పడిన నీరు సట్లెజ్‌లో కలిసి అరేబియా సముద్రానికి, మరో వైపు పడిన నీరు యమునలో కలిసి బంగాళాఖాతానికి పోతుంది. సారు ఆ సంగతి వివరిస్తుండగానే శనగగింజలంత వడగళ్ళు మొదలైనాయి. అందరం దుకాణాల చూరు కిందికి పరుగెత్తాం. మా బృందంలో నలుగురి దగ్గర వేలు పోసి కొన్న మంచి జాకెట్లున్నాయి. నాలుగూ లాడ్జి గదిలో ఉన్నాయి! పొద్దున ఎండలో వాటిని వేసుకోవడానికి ఉక్క, మోయడానికి బరువు. ఉన్నచోట ఉండని బట్ట ఎంత మంచిదైతే ఏం లాభం? ఆ గంటసేపు పనికివచ్చినవి నడుముకు కట్టుకున్న స్వెట్టర్లు, మడిచి జేబులో పెట్టుకున్న పల్చటి రెయిన్‌కోట్లు.

వెచ్చదనం బట్టలో లేదు

బట్ట వేడిని పుట్టించదు. వేడి మన ఒంట్లోనే పుడుతుంది, రోజుకు మూడు పూటలు మెస్సులో తిన్నదాంట్లోంచి. బట్ట చేసేది ఆ వేడిని బయటికి పోకుండా ఆపడం. అది కూడా నూలు చేసే పని కాదు, నూలు మధ్య, బట్టకు బట్టకు మధ్య కదలకుండా నిలిచిన గాలి చేసే పని. నిలిచిన గాలి వేడిని చాలా తక్కువగా ప్రసరింపజేస్తుంది. నీరు దానికంటే దాదాపు 24 రెట్లు ఎక్కువగా ప్రసరింపజేస్తుంది. కాబట్టి చలికి మన శత్రువులు రెండే. ఆ గాలిని ఊడ్చుకుపోయే ఈదురుగాలి ఒకటి, ఆ గాలి ఉండవలసిన చోటులో చేరే తడి మరొకటి.

అందువల్లనే ఒక లావు చొక్కా కంటే రెండు పల్చటి చొక్కాలు మేలు. వాటి మధ్య గాలి పొర ఒకటి అదనంగా వస్తుంది. ఎండ వస్తే ఒకటి విప్పవచ్చు. లావు జాకెట్‌ను సగం విప్పలేం కదా.

మా తాత కూలికి రాత్రిపూట చేలకాడ కావలి పడుకునేవాడు. ఒంటి మీద పాత నూలు బనియన్, దానిపైన గొంగడి, వానొస్తే గొంగడి పైన యూరియా బస్తా కొప్పెర. మూడు పొరలు: చెమట పీల్చేది, గాలిని నిలిపేది, వానను ఆపేది. ఇప్పుడు పర్వతారోహకులకు ఇచ్చే శిక్షణలో చెప్పే మూడు పొరల పద్ధతి ఇదే. కురుమలు దక్కని గొర్రెల బొచ్చుతో నేసే గొంగడిలో ఇంకో గుణం ఉంది. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకున్నా ఒంటికి తడిగా అనిపించదు. దాని పోగులు వంకర్లు తిరిగి ఉండటంవల్ల తడిసినా అతుక్కుపోకుండా కొంత గాలిని పట్టి ఉంచుతాయి. గొంగడిని సిమ్లాకు మోసుకుపొమ్మని చెప్పడం లేదు, చాలా బరువు. దాన్ని చూసి పాఠం నేర్చుకోమంటున్నాను.

1924లో ఎవరెస్టు మీద కనిపించకుండా పోయిన జార్జ్ మాలరీ దేహం 1999 మే 1న, 8 వేల మీటర్లకు పైన దొరికింది. ఒంటిమీద పట్టు, నూలు, ఉన్ని బట్టలు పొరలు పొరలుగా ఉన్నాయి, వాటిపైన గాబర్డిన్ అనే దట్టపు నేత బట్ట. 2006లో అచ్చు అలాంటివే కుట్టించి ఎవరెస్టు మీద వేసుకొని చూస్తే తేలికగా, వెచ్చగా ఉన్నట్టు తేలింది. శిఖరం కొన మీద తుఫానులో అవి సరిపోయేవా అన్నది వేరే చర్చ. మనం పోయేది శిఖరానికి కాదు, సిమ్లాకు.

ఇప్పుడు తడి సంగతి. సిమ్లాలో జాఖూ అనే కొండ ఉంది, 2,455 మీటర్ల ఎత్తు. పైన హనుమంతుడి గుడి, పెద్ద విగ్రహం, లెక్కలేనన్ని కోతులు. దారి నిట్టనిలువుగా ఉంటుంది. చలిగా ఉందని స్వెట్టర్ వేసుకొని ఎక్కినవాళ్ళు సగం దారిలోనే చెమటతో తడిసిపోయారు. పైకి చేరాక గాలి కొట్టేసరికి వణికారు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడి కావాలి. బనియన్‌లో 100 గ్రాముల చెమట ఉందనుకోండి, అది ఆరడానికి 58,000 కెలోరీలు. ఆ వేడి మొత్తం ఒంట్లోంచే పోతే 60 కిలోల మనిషి ఒంటి వేడి ఒక డిగ్రీకి పైగా దిగాలి. శరీరం మళ్ళీ వేడిని పుట్టిస్తూ ఉంటుంది కనుక అంత దిగదు, కానీ ఆ వణుకు మాత్రం ఈ లెక్కలోదే. కాబట్టి ఎక్కడానికి ముందే స్వెట్టర్ విప్పాలి. మొదటి పది నిమిషాలు కొంచెం చలి పెట్టినా ఓర్చుకోవాలి. పైకి చేరి ఆగిన వెంటనే, చలి తెలియకముందే, మళ్ళీ వేసుకోవాలి. బట్టలు తీసుకుపోవడం సగం పనే, ఎప్పుడు విప్పాలో తెలియడం మిగతా సగం.

ఏ బట్ట ఏ పనికి?

జీన్స్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. మనలో చాలామందికి ఉన్న 'మంచి ప్యాంటు' అదే. ఫోటోలకు బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ అది లావుపాటి నూలు బట్ట. నీళ్ళు బాగా తాగుతుంది, తడిస్తే బరువెక్కుతుంది, మబ్బు పట్టిన చోట రెండు రోజులైనా నడుము పట్టీ, జేబులు ఆరవు. తడి జీన్స్ వేసుకొని చల్లగాలిలో తిరగడం కంటే పాత టెర్రీకాటన్ ప్యాంటు వెయ్యి రెట్లు నయం. మామూలు గాలిలో నూలు తన బరువులో ఏడెనిమిది శాతం తేమను పట్టి ఉంచుతుంది, పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. టెర్రీకాటన్ ఈ రెండింటి కలయిక కనుక పిండితే త్వరగా ఆరుతుంది. పాత కాలేజీ యూనిఫాం చొక్కాలు మీ పెట్టె అడుగున ఉంటే బయటికి తీయండి. పైన వేసుకోవడానికి మొహమాటమైతే లోపల వేసుకోండి. చలికి యూనిఫాం అని తెలియదు.

స్వెట్టర్ కొనవలసిందే. చలికాలంలో హైదరాబాదు కోఠిలోనూ, జిల్లా కేంద్రాల్లోనూ ఫుట్‌పాత్‌ల మీద అమ్ముతారు. సంక్రాంతి దాటాక మిగిలిన సరుకు తగ్గించి ఇస్తారు. నేను 250 రూపాయలకు తీసుకున్నాను. ఆ ధరకు దొరికేది అసలు ఉన్ని కాదు, ఎక్రిలిక్ దారం. అయినా ఫరవాలేదు. గాలిని బాగా నిలుపుతుంది, త్వరగా ఆరుతుంది. దాని లోపం ఒకటే, ఈదురుగాలి అల్లికలోంచి దూసుకొస్తుంది. అప్పుడు పైన రెయిన్‌కోటు వేసుకోవాలి, వాన లేకపోయినా. స్వెట్టర్, దానిపైన రెయిన్‌కోటు కలిస్తే జాకెట్ చేసే పని జరుగుతుంది. విడదీస్తే రెండు వస్తువులు. గొడుగు మాత్రం వద్దు, కొండగాలికి తిరగబడుతుంది.

మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనొక్కణ్ని. నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. యాత్ర సంగతి చెప్పగానే ఆయన జాకెట్ కోసం మూడు వేలు అప్పు తెస్తానన్నాడు. నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే నెలకు 90, ఏడాదికి 1,080 రూపాయలు మిత్తికే. ఆరు రోజుల చలికి ఏడాదంతా బస్తాలు మోయడం ఎందుకు నాన్నా అన్నాను. ఆయనకు నచ్చజెప్పడానికి నేను పైన రాసిన పొరల సంగతే చెప్పాను, తాత గొంగడితో సహా. "మరి అదే కదరా మేం చేసేది" అన్నాడు. సిమ్లా యాత్రకు నాకైన బట్టల ఖర్చు మొత్తం స్వెట్టర్, పల్చటి రెయిన్‌కోటు, మంకీ క్యాప్, రెండు జతల మేజోళ్ళు కలిపి 700 రూపాయల లోపే.

నేను తీసుకుపోయిన బట్టలు అడిగినవాళ్ళకు చెబుతున్నాను. టెర్రీకాటన్ ప్యాంట్లు రెండు, ఒకటి ఒంటిమీద. చొక్కాలు నాలుగు, వాటిలో రెండు ఫుల్ హ్యాండ్స్. బనియన్లు మూడు, డ్రాయర్లు నాలుగు, మేజోళ్ళు మూడు జతలు. ట్రాక్ ప్యాంటు ఒకటి. రాత్రి పడుకోవడానికీ అదే, మరీ చలిగా ఉంటే ప్యాంటు లోపల వేసుకోవడానికీ అదే. స్వెట్టర్, రెయిన్‌కోటు, మంకీ క్యాప్, ఒక తువ్వాల, ఒక దుప్పటి. బూట్లు కాళ్ళకు, హవాయి చెప్పులు సంచిలో. కిరాణా షాపు కాటా మీద పెడితే సంచి 5 కిలోల 400 గ్రాములు తూగింది. మెడకు మఫ్లర్ కొనలేదు, తువ్వాలే చుట్టుకున్నాను. తలలోంచే సగం వేడి పోతుందని చాలామంది అంటారు గానీ అది నిజం కాదు. తల ఒంట్లో దాదాపు పదో వంతు, పోయే వేడి కూడా దాదాపు అంతే. అయినా ఒళ్ళంతా కప్పుకొని చెవులొక్కటే వదిలేస్తే బాధ చెవులకే కనుక మంకీ క్యాప్ ఉండాలి. అందం సంగతి తర్వాత.

సర్దడంలో వరుస

మనం సాధారణంగా పెద్దవి అడుగున, చిన్నవి పైన సర్దుతాం. వాతావరణం మారే ప్రయాణంలో సైజును బట్టి కాదు, అవసరమయ్యే వేళను బట్టి సర్దాలి. కాల్కాలో తెల్లవారుజామున దిగుతాం, చీకటి, రైలు ఎక్కే తొందర. అప్పుడు స్వెట్టర్ కోసం ప్లాట్‌ఫారం మీద సంచి అంతా బోర్లించలేం కదా. కాబట్టి ఢిల్లీలో రైలెక్కే ముందే స్వెట్టర్, క్యాప్ పైకి తెచ్చుకోవాలి. రెయిన్‌కోటు ఎప్పుడూ బయటి జేబులోనే.

రోజుకొక కవరు పద్ధతి నాకు బాగా కుదిరింది. ఒక చొక్కా, ఒక బనియన్, ఒక డ్రాయర్ చుట్టగా చుట్టి బట్టల షాపు కవరులో పెట్టి మూతి ముడి వేయాలి. సంచి పైన తడిసినా లోపల పొడిగా ఉంటుంది. విడిచిన బట్టలు ఖాళీ అయిన కవరులోకి పోతాయి. బనియన్, మేజోళ్ళు రాత్రి ఉతికి, పొడి తువ్వాలలో చుట్టి గట్టిగా మెలిపెడితే సగం నీళ్ళు తువ్వాల పీల్చుకుంటుంది, తెల్లారేసరికి ఆరతాయి. బూట్లు తడిస్తే పాత పేపరు ఉండలు కుక్కి పెట్టాలి, గంటకోసారి మార్చాలి.

ఒక జత మాత్రం ఏం జరిగినా బయట వేసుకోకూడదు. అది రాత్రి పడుకునే జత. పగలు ఎంత తడిసినా గదికి వచ్చాక పొడి బట్టలున్నాయన్న ధైర్యం ఉండాలి. జ్వరం వచ్చి యాత్ర పాడుచేసుకున్నవాళ్ళు మా బృందంలో ఇద్దరున్నారు. ఇద్దరూ తడి బట్టలతోనే పడుకున్నారు.

ఢిల్లీకి ఇంటర్వ్యూకు పోయేవాళ్ళకు ఇదే నియమం ఇంకా ముఖ్యం. ఫిబ్రవరిలో అక్కడ తెల్లవారుజామున సుమారు 11 డిగ్రీలు, మధ్యాహ్నం 24. పొద్దున ఎనిమిదింటికి క్యూలో నిలబడేటప్పుడు స్వెట్టర్ కావాలి, పన్నెండింటికి బోర్డు ముందు కూర్చునేటప్పుడు చెమట పట్టని చొక్కా కావాలి. ఇస్త్రీ చొక్కాను పేపరులో మడిచి, కవరులో పెట్టి, సర్టిఫికెట్ల ఫైలుతో పాటు వీపువైపు సర్దుకోండి, నలగదు. లంబసింగి, అరకు వంటి చోట్లకు డిసెంబరులో పోయేవాళ్ళకు ఎత్తు తక్కువ, సుమారు వెయ్యి మీటర్లే. కానీ తెల్లవారుజామున పొగమంచులో తడి చలి ఉంటుంది, తొమ్మిదింటికి ఎండ. పొరలు రెండు చాలు, రెయిన్‌కోటు మాత్రం మానవద్దు.

హాస్టల్లో ఒక పెట్టె

మన సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ళ 11 నెలలు. భువనగిరి గుట్ట రాళ్ళ మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లడఖ్‌ల దాకా సాగింది. వాళ్ళ ధైర్యం గురించి అందరూ రాశారు. నాకు ఇంకొకటి కూడా తోస్తుంది. ఆ ఎత్తులో వేసుకునే బట్టలు ఏ కూలి తల్లిదండ్రులూ కొనిపెట్టగలిగినవి కావు. పిల్లల్ని పంపిన సంస్థే బట్టల సంగతి కూడా చూసుకుంది కాబట్టి ఆ పేర్ల మీద గీత పడలేదు.

మన హాస్టల్ అంత పెద్దది కాదు గానీ స్వెట్టర్లు ఏడాదికి పది రోజులే అవసరమవుతాయి. మిగతా రోజులు ఒక పెట్టెలో ఉంటే చాలు. మా బ్యాచ్ వాళ్ళం నలుగురం కలిసి ఒక ట్రంకు పెట్టె ఇచ్చాం. వార్డెన్ సారు దాన్ని స్టోర్ రూములో పెట్టించారు. ఇప్పటికి అందులో స్వెట్టర్లు మూడు, రెయిన్‌కోట్లు రెండు, మంకీ క్యాపులు రెండు, వీపుకు తగిలించుకునే బ్యాగు ఒకటి ఉన్నాయి. బూట్లు ఒక జత ఉన్నాయి, 8వ నంబరు. 6, 7 నంబర్లు ఎవరూ ఇవ్వలేదు, మన పిల్లల్లో ఎక్కువమందికి కావలసినవి అవే. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు శాలువా, పూలదండ ఖర్చు తగ్గించుకొని ఒక రెయిన్‌కోటు తెస్తే సంతోషం. పాతవైనా ఫరవాలేదు, జిప్ పనిచేయాలి.

లైబ్రరీ పుస్తకం లాగానే రిజిస్టరు ఉంది. తిరిగి ఇచ్చేటప్పుడు ఉతికి ఎండలో ఆరబెట్టి ఇవ్వాలి. రెయిన్‌కోటును తడిగా మడిస్తే అతుక్కుపోతుంది, అది ప్రత్యేకంగా చూడండి. స్వెట్టర్ల మడతల్లో కలరా ఉండలు వేసి ఉంచాం కనుక ప్రయాణానికి ముందురోజే తీసుకొని గాలికి ఆరవేస్తే వాసన పోతుంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. ఎందుకు కావాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు, పేరు, గది నంబరు, తీసుకున్న తేదీ రాస్తే చాలు.